మంచు మీద యాభయ్యో పుట్టినరోజు

1930 అక్టోబరు 30. గ్రీన్‌లాండ్ నడిబొడ్డు. పడమటి తీరం నుంచి 400 కిలోమీటర్ల లోపల, సముద్రమట్టానికి సుమారు 3,000 మీటర్ల ఎత్తున, మంచును తొలిచి చేసుకున్న గుహలో ఇద్దరు జర్మన్లు ఉన్నారు. ఒకరు యోహానెస్ గేయోర్గి, మరొకరు ఎర్న్‌స్ట్ జోర్గె. రావలసిన సరుకు రాలేదు. కిరోసిన్ అరకొరగా ఉంది. శీతకాలానికి కట్టుకోవలసిన గుడిసె ఎక్కడో దారిలోనే ఆగిపోయింది. రేడియో అసలే లేదు. ఇక ఎవరూ రారనుకుని, ఉన్నదానితోనే చలికాలం గట్టెక్కాలని నిర్ణయించుకున్నారు.

అప్పుడు ముగ్గురు వచ్చారు.

ముందు వచ్చినవాడు యాత్రా నాయకుడు ఆల్ఫ్రెడ్ వెగెనర్. వెంట ఫ్రిట్జ్ లోవె అనే వాతావరణ శాస్త్రవేత్త, రాస్ముస్ విల్లుమ్సెన్ అనే గ్రీన్‌లాండ్ యువకుడు. వాళ్లు బయల్దేరి 40 రోజులు. దారిలో చలి మైనస్ 50 డిగ్రీల దిగువకు పోయింది. లోవె పాదాలు గడ్డకట్టి స్పర్శ కోల్పోయాయి. వెగెనర్ మాత్రం ఆ గుహను చూసి, ఎంత హాయిగా ఉందోనని పసిపిల్లాడిలా సంబరపడ్డాడట. లోపల మైనస్ 5. బయటి నుంచి వచ్చినవాడికి అది ఎండాకాలమే!

ఇంత కష్టపడి వచ్చినవాళ్ల బండ్లు దాదాపు ఖాళీ. సామానంతా దారి పొడవునా దించుకుంటూ రావలసి వచ్చింది. ఎవరి ప్రాణాలు కాపాడాలని వచ్చారో వాళ్లు అప్పటికే ఉన్నచోటే ఉండిపోవడానికి సిద్ధపడ్డారు. ఆ కబురు తీరానికి చేరే దారి లేదు. తీరానికి చేరిన చివరి కబురల్లా, అక్టోబరు 20 లోగా సరుకు రాకపోతే చేతిబండి లాక్కుంటూ కాలినడకన వచ్చేస్తామన్న ఉత్తరమే. ఆ చలిలో నడక అంటే చావే. ఆ సంగతి తెలిసిన నాయకుడు తీరంలో కూర్చోగలడా?

తప్పు ఎక్కడ మొదలైందంటే సముద్రంలో. వసంతకాలంలో దాదాపు వంద టన్నుల సామానుతో, ఐస్‌లాండ్ గుర్రాలతో, విమాన ఇంజిన్ బిగించిన ప్రొపెల్లర్ బండ్లతో ఓడ వచ్చింది. ఫియర్డ్‌లో గడ్డకట్టిన సముద్రం కరగనంది. 38 రోజులు అక్కడే పడిగాపులు. ఆ తరవాత కమరుయుక్ హిమానీనదం మీదుగా, పగుళ్లు తప్పించుకుంటూ, పెట్టె తరవాత పెట్టె వెయ్యి మీటర్లు పైకి మోయాలి. ధ్రువప్రాంతంలో ఎండాకాలం ఎంతని? ఉన్న పుణ్యకాలం కాస్తా మోతకే సరిపోయింది. నమ్ముకున్న ప్రొపెల్లర్ బండ్లు మెత్తటి మంచులో కూరుకుపోయాయి. సెప్టెంబరు చివర్లో 15 కుక్కల స్లెడ్జిలు, 13 మంది గ్రీన్‌లాండ్ వాసులతో వెగెనర్ తానే బయల్దేరాడు. కొన్నాళ్లకే ఆ 13 మందిలో 12 మంది విడతలుగా వెనక్కి మళ్లారు. వాళ్లను పిరికివాళ్లని రాసిన వాళ్లున్నారు. నాకలా అనిపించదు. పుట్టినప్పటి నుంచీ ఆ మంచునే చూస్తున్నవాళ్లు, ఆ కాలంలో లోపలికి వెళ్లకూడదని వాళ్లకు తెలుసు. చివరికి మిగిలినవాడు రాస్ముస్ ఒక్కడే. వయసు ఇరవై రెండో, ఇరవై మూడో.

ఇంతకీ అక్కడ వాళ్లకేం పని? ఖండాలు కదులుతున్నాయని రుజువు చేయబోయి వెగెనర్ గ్రీన్‌లాండ్‌లో చనిపోయాడని చాలాచోట్ల రాస్తుంటారు. అంత సూటి కథ కాదిది. ఆయన వృత్తి వాతావరణ శాస్త్రం. మంచుపలక మీద ఏడాది పొడవునా గాలీ చలీ ఎలా ఉంటాయి, ఆ మంచు లోతెంత అన్నవే ఆ యాత్ర ప్రధాన ప్రశ్నలు. ఖండాల సంగతి ఆయనకు ఇరవై ఏళ్ల కిందే పట్టుకుంది.

1910 క్రిస్మస్ రోజుల్లో ఒక మిత్రుడి కొత్త అట్లాసు తిరగేస్తుంటే దక్షిణ అమెరికా తూర్పు అంచు, ఆఫ్రికా పడమటి అంచు ఒకదానికొకటి అతికేలా కనిపించాయి. ఆ మాట కాబోయే భార్య ఎల్సెకు ఉత్తరంలో రాశాడు. 1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో భూవిజ్ఞానుల ఎదుట చెప్పాడు. 1915లో పుస్తకం వేశాడు. అంచులు అతకడం ఒక్కటే అయితే కాకతాళీయమని కొట్టిపారేయవచ్చు. ఆయన వాదం అక్కడితో ఆగలేదు. చింపిన వార్తాపత్రిక ముక్కలను అంచులు చూసి జతచేశాక, అచ్చు వరుసలు కూడా ఈ ముక్క నుంచి ఆ ముక్కలోకి సాగితే ఇంకా అనుమానమెందుకన్నాడు. ఆ వరుసలు రాళ్లలో ఉన్నాయి. ఇక్కడ తెగిన పర్వతాల మడతలు సముద్రం అవతల కొనసాగుతున్నాయి. గ్లాసోప్టెరిస్ అనే నాలుకలాంటి ఆకు శిలాజాలు దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో, మన గోదావరి లోయలో కూడా దొరుకుతున్నాయి. సింగరేణి బొగ్గు ఆ కాలపు అడవుల నుంచి వచ్చిందే.

ఆ బొగ్గు పొరల అడుగున ఇంకా విచిత్రమైన సాక్ష్యం ఉంది. దాన్ని తాల్చేరు పొర అంటారు. 1856లో ఒడిశాలోని తాల్చేరులో బ్లాన్‌ఫర్డ్ సోదరులు దాన్ని చూసి, ఇది మంచు మోసుకొచ్చిన రాళ్లగుట్ట అన్నారు. నది రాళ్లను మోస్తే వాటిని ఏరుతుంది. పెద్ద బండలు ముందు దిగబడతాయి, ఇసుక కొంచెం ముందుకు పోతుంది, ఒండ్రు ఇంకా దూరం పోతుంది. హిమానీనదానికి ఆ విచక్షణ లేదు. గదంత బండనూ పిండిలాంటి మట్టినీ ఒకేచోట కలగాపులగంగా వదిలేస్తుంది. పైగా అడుగున ఇరుక్కున్న రాళ్లతో కింది బండను గీసుకుంటూ పోతుంది. అలాంటి గీతలు చంద్రపూర్ జిల్లాలో, పెన్‌గంగ ఒడ్డున ఇరాయ్ అనే ఊరి దగ్గర సున్నపురాతి మీద 19వ శతాబ్దంలోనే బయటపడ్డాయి. ఆ నీళ్లే వార్ధాలో, ప్రాణహితలో కలిసి గోదావరికి వచ్చేది. మే నెలలో 46, 47 డిగ్రీలు మాడ్చే చంద్రపూర్‌లో ఒకప్పుడు మంచుపలక పాకిందన్నమాట. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి మాట అది.

ఖండాలు ఎప్పుడూ ఇప్పుడున్న చోటే ఉన్నాయనుకుంటే, భారతదేశం నుంచి దక్షిణాఫ్రికా దాకా, అక్కడి నుంచి బ్రెజిల్ దాకా భూమధ్యరేఖను దాటి మంచు పరుచుకుని ఉండాలి. కొన్నిచోట్ల గీతలు చూస్తే మంచు సముద్రం వైపు నుంచి నేల మీదికి ఎక్కినట్టుంది. మంచు నీటిలో పుట్టి గట్టెక్కడమేమిటి? భూవిజ్ఞానుల తల బొప్పికట్టింది. ఆ ఖండాలన్నిటినీ దక్షిణ ధ్రువం చుట్టూ చేర్చి పెట్టి చూడండి, చిక్కుముడి విడిపోతుందన్నాడు వెగెనర్. నా మటుకు నాకు ఆయన వాదాలన్నిటిలోకీ బలమైనది ఇదే. మంచు ఏం చేస్తుందో కళ్లారా చూసినవాడికి తట్టే వాదం. అప్పటికి ఆయన రెండుసార్లు గ్రీన్‌లాండ్ వెళ్లొచ్చాడు. 1912-13 యాత్రలో ఆ మంచుపలకను అడ్డంగా దాటాడు కూడా.

తప్పులూ చేశాడు. ఖండాలను నెట్టే శక్తి ఏదని అడిగితే భూభ్రమణం, ఆటుపోట్లు అన్నాడు. అవి చాలవని గణితం తెలిసినవాళ్లు తేల్చేశారు. గ్రీన్‌లాండ్ ఏటా మీటర్ల కొద్దీ జరుగుతోందని పాత రేఖాంశ కొలతలు చూసి నమ్మాడు. నిజానికి జరిగేది సెంటీమీటర్లలోనే. 1926లో న్యూయార్క్‌లో జరిగిన సదస్సులో కొందరు ఆయన సిద్ధాంతాన్ని చీల్చి చెండాడారు. వాతావరణం మనిషికి రాళ్ల గొడవెందుకన్న ధోరణి కూడా వాళ్లలో ఉంది.

మళ్లీ గుహలోకి వద్దాం. ఉన్న తిండి ఐదుగురికి చాలదు. లోవె నడవలేడు. రెండు రోజుల విశ్రాంతి తరవాత నవంబరు 1న, సరిగ్గా తన యాభయ్యో పుట్టినరోజున, వెగెనర్ రాస్ముస్‌ను తీసుకుని రెండు స్లెడ్జిలు, 17 కుక్కలతో తీరం వైపు కదిలాడు. వెనక మిగిలిన ముగ్గురూ చలికాలానికి సిద్ధమయ్యారు. కుళ్లుతున్న లోవె కాలివేళ్లను గేయోర్గి జేబుకత్తితో, రేకులు కోసే కత్తెరతో తీసేశాడు. మత్తుమందు లేదు.

ఆ స్థితిలో కూడా వాళ్లు పని మానలేదు. రోజూ గాలినీ చలినీ రాసుకున్నారు. జోర్గె గుహలోంచే 15 మీటర్ల లోతు బావి తవ్వుకుంటూ పోయాడు. పైన పొడిపొడిగా ఉన్న మంచు లోతుకు పోయే కొద్దీ ఎలా బిగుసుకుంటుందో పొర పొరనా కోసి తూచాడు. ఏటేటా కురిసిన మంచు కింది మంచును నొక్కుతుంది. నొక్కగా నొక్కగా గాలి బుడగలతో సహా అది గట్టిపడుతుంది. నిజానికి అది రాయి పుట్టుకే. ఇసుక పొరలు పేరుకుని ఇసుకరాయి అయినట్టే మంచు పొరలు పేరుకుని ఐస్ అవుతుంది. తేడా ఏమంటే, ఈ రాయి తన బరువుకు తానే జారి ప్రవహిస్తుంది. మధ్య నుంచి అంచులకు, అంచుల నుంచి సముద్రంలోకి. డైనమైట్ పేల్చి ప్రతిధ్వని అడుగు నుంచి ఎంతసేపటికి తిరిగొస్తుందో కొలిచి, ఆ నడిబొడ్డున మంచు మందం రెండున్నర కిలోమీటర్ల పైచిలుకని ఆ యాత్ర తేల్చింది.

తీరంలోనివాళ్లు వెగెనర్ గుహలోనే చలికాలం గడుపుతున్నాడనుకున్నారు. గుహలోవాళ్లు ఆయన తీరం చేరాడనుకున్నారు. 1931 మేలో రెండు వర్గాలూ కలుసుకున్నాక గానీ అసలు సంగతి తెలియలేదు.

మే 12న, తీరానికి 189 కిలోమీటర్ల దూరంలో, నిటారుగా పాతిన రెండు స్కీలు కనబడ్డాయి. వాటి మధ్య తవ్వారు. ముందు రెయిన్‌డీర్ చర్మం, తరవాత స్లీపింగ్ బ్యాగు, దాని కింద రెండు బ్యాగు తొడుగులలో పెట్టి కుట్టిన వెగెనర్ దేహం. ఒంటిమీద బట్టలు సరిగ్గా ఉన్నాయి. ముఖం ప్రశాంతంగా ఉంది. చలికి కొయ్యబారి కాదు, శక్తికి మించిన శ్రమతో గుండె ఆగి గుడారంలో పోయి ఉంటాడని చూసినవాళ్లు అంచనా వేశారు. అప్పటికే ఒక స్లెడ్జిని వదిలేశారు. అంటే మిగిలిన బండి రాస్ముస్ తోలుతుంటే, యాభై ఏళ్ల మనిషి స్కీల మీద వెంట పరుగుతీసి ఉండాలి.

మైనస్ 40, 50 డిగ్రీల్లో చేతి తొడుగులు తీసి సూది పట్టుకుని ఆ బ్యాగు తొడుగులను కుట్టినవాడెవడు? రాస్ముస్. గుంత తీసి, పైన చర్మం కప్పి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే కనబడాలని స్కీలు పాతి, వెగెనర్ డైరీ తీసుకుని అతను తీరం వైపు వెళ్లాడు. ఆ పైన అతని జాడ లేదు. డైరీ కూడా దొరకలేదు. ఎంత వెతికినా లాభం లేకపోయింది. వెగెనర్ పేరు మీద పరిశోధన సంస్థ ఉంది, చంద్రుడి మీద ఒక బిలం ఉంది. రాస్ముస్ చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యం, అదీ పేరు లేకుండా. ఈ అన్యాయం నాకు మింగుడు పడదు.

వెగెనర్‌ను అక్కడే ఉంచి పైన మంచు దిమ్మెలతో సమాధి కట్టారు. అన్న కుర్ట్ వచ్చి యాత్రను ముగించాడు. ఆ సమాధి మీద ఇప్పటికి పదుల మీటర్ల మంచు పేరుకుంది. కింది ఐస్‌తో పాటు అదీ పడమటి సముద్రం వైపు జరుగుతోంది.

ఖండాల సంగతి తేలడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. జవాబు నేల మీద కాదు, సముద్రం అడుగున దొరికింది. సముద్రాల మధ్య వేల కిలోమీటర్ల పర్వతశ్రేణి ఉంది, దాని నడుమ చీలిక. అందులోంచి లావా ఎగదన్ని బసాల్ట్‌గా గడ్డకడుతూ పాత నేలను రెండు పక్కలకీ జరుపుతోంది. గడ్డకట్టేటప్పుడు అప్పటి భూఅయస్కాంత దిశను ఆ రాయి తనలో దాచుకుంటుంది. చీలికకు అటూ ఇటూ ఒకేలాంటి అయస్కాంత చారలు ఎందుకున్నాయో 1963లో వైన్, మాథ్యూస్ అనే భూవిజ్ఞానులు వివరించారు. హైదరాబాద్ గ్రానైట్ గుండ్ల వయసు 250 కోట్ల ఏళ్లయితే, మహాసముద్రాల నేల దాదాపు ఎక్కడా 20 కోట్ల ఏళ్లు దాటదు. పాతదంతా అంచుల దగ్గర మళ్లీ భూగర్భంలోకి దిగిపోతోంది. ఖండాలు సముద్రాన్ని దున్నుకుంటూ పోవడం లేదు, ఫలకాల మీద కూర్చుని సాగుతున్నాయి. వెగెనర్ వెతికిన ఇంజిన్ ఆయన కిందనే, భూమి లోపలి వేడిలో ఉంది.

అదంతా చూసేదాకా బతికినవాడు కాలివేళ్లు పోగొట్టుకున్న ఫ్రిట్జ్ లోవె. యూదు మూలాలున్నవాడు కావడంతో 1934లో జర్మనీ వదిలి కేంబ్రిడ్జికి, 1937లో ఆస్ట్రేలియాకు చేరాడు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. ఆ కాళ్లతోనే అంటార్కిటికా కూడా వెళ్లొచ్చాడు. 1974లో పోయాడు. ఆస్ట్రేలియా ఏటా సుమారు 7 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతుంది. ఆ లెక్కన, ఆయన అక్కడ కాపురం పెట్టిన 37 ఏళ్లలో ఆయన ఇంటితో సహా మెల్‌బోర్న్ రెండున్నర మీటర్లు జరిగింది.