తుప్పును నిలిపిన లవణము

1836వ సంవత్సరములో బాసెల్ నగరపు ఆచార్యుడు షోన్‌బైన్, మైకేల్ ఫారడేకు ఒక వింత సంగతి వ్రాసినాడు. ఇనుము సజల నత్రికామ్లములో సులభముగా కరుగుతుంది. మరి మిక్కిలి గాఢమైన ఆమ్లములో వేస్తే కరగక ఊరకుంటుందే! ఇనుముపై కంటికి కనబడని ఆక్సైడు పొర ఏర్పడుటయే దీనికి కారణమై ఉండునని ఫారడే ఊహించినాడు.

దీనికీ మన ఇంటి స్లాబుకూ సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. 1867లో మోనియే అనే ఫ్రెంచి తోటమాలి, పూలతొట్లు పగలకుండుటకై సిమెంటులో ఇనుప తీగలు పొదిగి పేటెంటు పొందినాడు. ఆయన కోరినది బలము. అడుగకుండానే రక్షణ కూడ లభించినది. సిమెంటు నీటితో కలిసినపుడు కాల్షియం హైడ్రాక్సైడు పుడుతుంది. కాంక్రీటు రంధ్రములలోని నీటి పి.హెచ్. 12.5 వరకు, ఇంకను పైకి కూడ ఉంటుంది. ఆ క్షారములో కడ్డీపై అటువంటి పొరయే నిలుస్తుంది.

ఈ పొరకు శత్రువు క్లోరైడు. రెండు సీసాలలో సున్నపు తేట పోసి, రుద్ది మెరుగుపెట్టిన మేకులు వేసి, ఒకదానిలో మాత్రము చెంచాడు ఉప్పు కలిపి మూతలు పెట్టి ఉంచండి. కొన్ని దినములకు ఉప్పు సీసాలోని మేకుపై తుప్పు మచ్చలు కనబడతాయి. తుప్పు, తాను తినివేసిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుచేతనే కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. సముద్రపు గాలిని నిందించి లాభము లేదు. సిమెంటు త్వరగా గట్టిపడవలెనని ఇంజనీర్లే అనేక దశాబ్దములు కాల్షియం క్లోరైడును చేతులార కలిపినారు. బ్రిటనులో కడ్డీలు గల కాంక్రీటుకు దానిని 1977లో నిషేధించినారు.

తుప్పును అడ్డగించే లవణములకై వెదకులాట అంతకు ముందే మొదలైనది. సోడియం నైట్రైటు, సోడియం బెంజోయేటు కడ్డీని కాపాడినవి గాని కాంక్రీటు బలమును తగ్గించినవి. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లయినది. పైగా సోడియం క్షారము కొన్ని రకముల కంకరతో చర్య జరిపి కాంక్రీటును ఉబ్బించగలదు.

సోడియమునకు బదులు కాల్షియమును చేర్చుటతో చిక్కు విడినది. సముద్రపు ఇసుక వాడక తప్పని జపానులో 1970 దశకమున కాల్షియం నైట్రైటు వాడుకలోనికి వచ్చినది; ఆ దశకము చివర అమెరికా అందుకొన్నది. క్లోరైడు పొరను ఛేదించిన చోట వెలువడే ఫెర్రస్ అయానును నైట్రైటు ఫెర్రిక్ ఆక్సైడుగా మార్చి, చిల్లును పూడ్చుతుంది. బలము తగ్గకపోగా తొలిదినములలో పెరుగుతుంది. అయితే కాంక్రీటు త్వరగా బిగుసుకొంటుంది గనుక వేడి ప్రదేశములలో దానిని మందగింపజేసే మరొక పదార్థమును కలుపుతారు.

మోతాదులో పిసినారితనము మాత్రము పనికిరాదు. చేరే క్లోరైడుకు తగినంత నైట్రైటు లేకపోతే కొన్నిచోట్ల పొర తెగి, తుప్పంతా అక్కడనే కేంద్రీకరించి కడ్డీని లోతుగా తొలుస్తుంది. నీరెక్కువ పోసి, కడ్డీపై పలుచగా కప్పిన కాంక్రీటును ఏ లవణమూ చిరకాలము కాపాడలేదు. కారైకుడిలోని కేంద్రీయ విద్యుద్రసాయన పరిశోధనాలయము వారు వేరొక త్రోవ తొక్కినారు: నిరోధకము కలిపిన సిమెంటు ముద్దను కడ్డీకే పూసినారు.