పిడికెడు బియ్యము: దోర్నకల్ దేవాలయ చరిత్రము



పడవ యొడ్డు చేరినంతనే పడిన చేపలను పడవకు, వలకు, శ్రమించినవారికి వాటాలు వేయుట మన జాలరిపేట యాచారము. ఈ మర్యాద నెఱిగిన మనకు దోర్నకల్ సంఘ చరిత్రము వినదగినది.

తిరునెల్వేలి సీమలో 1874వ సంవత్సరమున జన్మించిన వేదనాయకం శామ్యూలు అజరయ్య తమిళుడయ్యును దెలుగు నేర్చి, నిజాము రాజ్యమందలి దోర్నకల్ చేరెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా నభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున నా పదవి నందిన భారతీయులలో నాతడే ప్రథముడు.

ఆతని మండలమందలి విశ్వాసులలో బెక్కండ్రు మాల మాదిగ కులముల కూలివారు. చేత రొక్కము లేకున్నను, ఇల్లాండ్రు వంటకు బియ్యము దీయునప్పుడెల్ల నొక పిడికెడు సంఘమునకై వేఱుగా నుంచుచుండిరి. పల్లెపల్లెకు నుపాధ్యాయులు పోయిరి. ఉపాధ్యాయుల భార్యలకును శిక్షణ మొసగబడెను. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠితమైన దేవాలయమున హిందూ మహమ్మదీయ శిల్పరీతులును గలిసియున్నవి. అజరయ్య 1945లో గతించెను. 1947లో నా మండలము దక్షిణ హిందూదేశ సంఘమున జేరెను.

మతము వేఱైనను నీతి గ్రాహ్యమే. దాతల సాయము శ్లాఘ్యము; కాని దాత యెల్లకాలముండడు. గంగమ్మ యిచ్చిన ప్రతి వేటనుండి బిడ్డల చదువునకొక చిన్న వాటా తీయుదుమేని, మన బడి మనదే యగును.