గోల్‌పోస్టు ముందు ఒక్కటే చోటు

హాకీ జట్టులో గోల్‌కీపర్ స్థానం ఒక్కటే కావడం, అందులో కుదురుకున్న క్రీడాకారిణి గాయపడితేనో ఫామ్ కోల్పోతేనో తప్ప రెండో గోల్‌కీపర్‌కు పిలుపు రాకపోవడం వల్ల, భారత మహిళా గోల్‌కీపర్ల చరిత్రలో ఆడినవారితో పాటు ఎదురుచూసినవారికీ సమానమైన భాగం ఉంది.

2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో దక్షిణాఫ్రికాపై భారత్ గెలవడానికి కేరళకు చెందిన హెలెన్ మేరీ రెండు పెనాల్టీ స్ట్రోకులను ఆపడమే ముఖ్య కారణం. గోలుకు 6.4 మీటర్ల దూరంలో కదలకుండా ఉంచిన బంతిని ప్రత్యర్థి ఒకే ఊపున నెట్టడాన్ని పెనాల్టీ స్ట్రోక్ అంటారు. బంతి కదిలేదాకా గోల్‌గీత మీదనే నిలబడి ఉండవలసిన గోల్‌కీపర్‌కు అక్కడ ఊహ తప్ప మరో ఆయుధం లేదు. తరువాతి కాలంలో ఫలితం తేల్చడానికి దాని స్థానంలో షూటవుట్ వచ్చింది. ఇందులో దాడి చేసే క్రీడాకారిణి 23 మీటర్ల గీత నుంచి బంతితో బయలుదేరి 8 సెకన్లలోగా గోల్ చేయాలి. గోల్‌కీపర్ మాత్రం ముందుకు దూసుకువచ్చి దారి మూసివేయవచ్చు. నిలబడి ఊహించే పని, కదిలి కాలాన్ని హరించే పనిగా మారిపోయింది.

ఈ కొత్త విద్యలో ఆరితేరినది హర్యానాలోని సిర్సా జిల్లాకు చెందిన సవితా పునియా. తాత ప్రోత్సాహంతో హాకీలోకి వచ్చి, 2011లో సీనియర్ జట్టుకు తొలి మ్యాచ్ ఆడిన ఆమె, 2017లో జపాన్‌లోని కకమిగహారాలో జరిగిన ఆసియా కప్ ఫైనల్లో స్కోరు 1-1తో సమమైనప్పుడు షూటవుట్‌లో చైనాను నిలువరించగా, భారత్ 5-4తో గెలిచి 13 ఏళ్ల తరువాత ఆ కప్పును మళ్లీ అందుకుంది. 2021 ఆగస్టు 2న టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో గుర్జీత్ కౌర్ 22వ నిమిషంలో చేసిన ఏకైక గోలును ఆస్ట్రేలియా నుంచి చివరిదాకా కాపాడినది కూడా సవితే. ఆ మ్యాచ్‌లో ఆస్ట్రేలియాకు పదేపదే దక్కిన పెనాల్టీ కార్నర్, అంటే గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు మాత్రమే గోల్‌గీత వెనుక నుంచి ఎదుర్కొనవలసిన దాడి, ఒక్కటి కూడా ఫలించలేదు. ప్రపంచ ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారం ఆమెకు వరుసగా మూడుసార్లు దక్కడంలో ఆశ్చర్యమేమీ లేదు.

సవిత నీడలో గడిచిన మరో జీవితం చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఏతిమార్పు రజనిది. 16 మందితో వెళ్లే ఒలింపిక్ జట్టులో రెండో గోల్‌కీపర్‌కు సాధారణంగా చోటుండదు కనుక, భారత మహిళలు 36 ఏళ్ల తరువాత ఒలింపిక్స్‌లో ఆడిన 2016 రియో క్రీడలకూ, ఆపై టోక్యోకూ ఆమె ప్రత్యామ్నాయ క్రీడాకారిణిగానే ఎంపికయింది. నైపుణ్యం లేక కాదు, లెక్క కుదరక. సంఖ్య నిర్ణయించిన ఈ అన్యాయాన్ని ఏ సెలక్టరూ సరిదిద్దగలిగేది కాదు. 2024 జనవరిలో రాంచీ అర్హత పోటీల్లో సవిత నాయకత్వంలోని జట్టు సెమీఫైనల్లో జర్మనీ చేతిలో షూటవుట్‌లోనే ఓడి, ఆపై జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ ఒలింపిక్స్‌కు దూరమయింది. అదే నెలలో మస్కట్‌లో అయిదుగురు చొప్పున ఆడే హాకీ ఫైవ్స్ తొలి ప్రపంచ కప్‌కు భారత మహిళల జట్టు కెప్టెన్‌గా వెళ్లిన రజని, ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడిన జట్టుతో రజత పతకం అందుకుంది.