కారా వాకర్: నల్ల కాగితంలో బానిసత్వ చరిత్ర

నల్లజాతి కళాకారిణి కారా వాకర్ 1969లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టారు. ఒకప్పుడు శ్వేతజాతి కుటుంబాలు తమ పక్కముఖాలను నల్ల కాగితంలో కత్తిరించి గోడలకు పెట్టుకునేవి. అదే పద్ధతిలో ఆమె బానిసత్వపు హింసను నిలువెత్తు బొమ్మలుగా గోడలకెక్కించారు. ఈ బొమ్మలు నల్లవారిని కించపరిచే మూసలనే మళ్లీ చూపుతున్నాయంటూ 1997లో సీనియర్ నల్లజాతి కళాకారిణి బెట్టీ సార్ నిరసన లేఖల ఉద్యమం నడిపారు.

వాకర్ గ్యాలరీలు దాటి జనం మధ్యకూ వచ్చారు. న్యూ ఆర్లీన్స్‌లోని ఆల్జియర్స్ పాయింట్, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను అమ్మేముందు బంధించిన చోటు. 2018లో అక్కడ ఉక్కు రేకుల బొమ్మలు అమర్చిన బండిని నిలిపి, ఆవిరి వాద్యంపై నల్లవారి పోరాట గీతాలు వినిపించారు. 2024లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంలో టికెట్ అక్కర్లేని హాలులో యంత్రబొమ్మలు ప్రదర్శించారు.

అవమానాన్ని చూపాలా, దాచాలా? చూపితే ఎవరి చేతితో, ఎవరి కోసం? దళిత కళ ముందు కూడా ఈ ప్రశ్నే ఉంది.