జవాబులు లేని పాఠ్యపుస్తకం

మీ సైన్సు పుస్తకంలో ప్రశ్నలూ ప్రయోగాలూ మాత్రమే ఉండి, జవాబులు లేకపోతే ఏం చేస్తారు? మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో ఎందరో పిల్లలు అలాంటి పుస్తకాలతోనే సైన్సు నేర్చుకున్నారు. ఆ జిల్లానే ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు.

1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు అక్కడి 16 మాధ్యమిక పాఠశాలల్లో ఈ పని ప్రారంభించాయి. టాటా ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు పల్లెటూరి ఉపాధ్యాయులతో కలిసి కూర్చున్నారు. 1978లో కార్యక్రమం జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తరువాత దాని బాధ్యత తీసుకుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వాడిన ఆ పుస్తకాల పేరు 'బాల్ వైజ్ఞానిక్'.

తరగతిలో పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చునేవారు. చవకైన వస్తువులతో ప్రయోగం చేసి, చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాసేవారు. తరువాత అందరూ కలిసి చర్చించేవారు. పరీక్షకు పుస్తకాలు తెచ్చుకోవచ్చు! అయినా బట్టీపట్టినవారికి అది సులువు కాదు, ఎందుకంటే అడిగేది ఆలోచననే. వేసవి సెలవుల్లో ఉపాధ్యాయులకు శిక్షణ ఉండేది. అక్కడ వారూ విద్యార్థుల్లాగే ప్రయోగాలు చేసేవారు. పిల్లలు తమ సందేహాలను 'సవాలీరామ్' అనే కల్పిత పాత్రకు ఉత్తరాలుగా రాసేవారు.

ఇప్పుడు ఒక చిక్కు ఆలోచించండి. మీరే అక్కడ టీచరు, మీ అమ్మాయి మీ తరగతిలోనే ఉంది అనుకోండి. గింజ చీకట్లో మొలుస్తుందా లేదా అని ఆమె నాలుగు రోజులుగా గమనిస్తోంది. టీచరుగా మీకు సంతోషమే. కాని తల్లిగానో తండ్రిగానో మనసులో గుబులు. ఆ నాలుగు రోజుల్లో వేరేచోట పిల్లలు ఒక పాఠం పూర్తి చేసి ఉంటారు. తొమ్మిదో తరగతి నుంచి మళ్ళీ మామూలు పుస్తకాలే, పదిలో బోర్డు పరీక్షే. ఈ భయం అర్థంలేనిది కాదు. వెతికి తెలుసుకోవడానికి సమయం కావాలి. ఆ సమయానికి పైతరగతుల పరీక్షలో మార్కులు లేవు. ఎనిమిదో తరగతి దాకా పరీక్ష మారింది, ఆపైన మారలేదు.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని నిలిపివేసింది. అప్పటికి అది సుమారు వెయ్యి బడుల్లో నడుస్తోంది. అయితే 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కూడా బట్టీ చదువు పోవాలని, చదువును బడి బయటి జీవితంతో జోడించాలని చెప్పింది. బడి ఆగినా ప్రశ్న ఆగలేదన్నమాట.

ఇంతకీ గింజ చీకట్లో మొలుస్తుందా? రెండు గిన్నెల్లో ఒకే మట్టి, ఒకే రకం గింజలు వేసి, సమానంగా నీళ్ళు పోయండి. ఒకటి వెలుతురులో, ఒకటి చీకట్లో ఉంచండి. రోజూ చూసి రాసుకోండి. జవాబు మేము చెప్పం!