అంకెల్లోంచి పుట్టిన ఫొటో

ధూళి, వాయువులతో నిండిన మూడు స్తంభాలు, వాటి కొనల్లో పురుడు పోసుకుంటున్న నక్షత్రాలు. ‘పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్’ అనే ఆ ఫొటోను చూడని సైన్సు విద్యార్థి అరుదు. 6,500 కాంతి సంవత్సరాల దూరంలోని ఈగిల్ నెబ్యులాను హబుల్ టెలిస్కోపు 1995 ఏప్రిల్ 1న తీసిన చిత్రమది. కానీ హబుల్ నుంచి ఈ రంగుల ఫొటో దిగిరాలేదు. ఏ పిక్సెల్ మీద ఎంత వెలుగు పడిందో చెప్పే అంకెలు వచ్చాయి. అలాంటి అంకెలను ఖగోళ శాస్త్రవేత్తలు దాచుకునే ఫైలు పేరే ‘ఫిట్స్’.

దీని కథ టేపుల కాలం నాటిది. 1970లలో ఒక అబ్జర్వేటరీ కంప్యూటర్ రాసిన టేపును మరో చోటి కంప్యూటర్ చదవలేకపోయేది. ఈ తంటా తీర్చడానికి 1979 మార్చిలో అమెరికా శాస్త్రవేత్తలు డాన్ వెల్స్, ఎరిక్ గ్రైసెన్ కూర్చుని ఉమ్మడి పద్ధతి ఒకటి రూపొందించారు. 1981లో అది అచ్చయింది. మరుసటి ఏడాదే అంతర్జాతీయ ఖగోళ సంఘం దాన్ని ఆమోదించింది.

ఫిట్స్ ఫైలును తెరిస్తే ముందు కనబడేది మామూలు అక్షరాలే. మొదటి మాట ‘సింపుల్’, దాని ఎదుట ‘నిజం’ అని చెప్పే ‘టీ’ అక్షరం. ఒక్కో వరుసకు సరిగ్గా 80 అక్షరాలు. అది పాత పంచ్ కార్డు కొలత. టెలిస్కోపు పేరు, తేదీ, ఫిల్టర్ వంటి వివరాలన్నీ అక్కడే ఉంటాయి. ఆ తర్వాతే అంకెలు మొదలవుతాయి.

ఇక ఈ అంకెలను జేపెగ్ అనే మామూలు ఫొటో ఫైలుగా మార్చడం చూద్దాం. ఆనాటి హబుల్ కెమెరా వెలుగును 4,096 మెట్లలో కొలిచేది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉన్నవి 256 మెట్లే. సమానంగా కుదిస్తే 16 లోపు అంకెలన్నీ సున్నాలో కలిసిపోతాయి. మసక వాయువు మొత్తం నల్లబడి, నాలుగు నక్షత్రాలు మాత్రం మిగులుతాయి. అందుకే మసక భాగానికి ఎక్కువ మెట్లు, మెరిసే భాగానికి తక్కువ మెట్లు పంచుతారు. దీన్నే ‘స్ట్రెచ్’ అంటారు.

రంగులూ అంతే. ‘పిల్లర్స్’ ఫొటోను తయారు చేసిన ఖగోళ శాస్త్రవేత్తలు జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ గంధకపు వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చి, 32 చిత్రాలను ఒక్కటిగా కూర్చారు. హైడ్రోజన్ ఇచ్చే ఆ వెలుగు నిజానికి ఎరుపే. అలాగని ఇది మోసం కాదు. ఏ వాయువు ఎక్కడుందో కంటికి విడదీసి చూపే అనువాదం. మంచి అనువాదానికి మూలం మీద గౌరవం ఉండాలి, ఇక్కడ అది ఉంది.

2004లో ‘ఫిట్స్ లిబరేటర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక ఈ పని ఔత్సాహికుల చేతికీ అందింది. చేతిరాత ప్రతులను డిజిటల్‌గా దాచడానికి వాటికన్ గ్రంథాలయం కూడా ఫిట్స్‌నే ఎంచుకుంది. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహ పరిశీలనలు కూడా ఫిట్స్ ఫైళ్లుగానే శాస్త్రవేత్తలకు అందుతున్నాయి. ఆసక్తి ఉన్న విద్యార్థులు అలాంటి ఫైలు ఒకటి తెచ్చుకుని, తమ చేతులతో ఫొటో చేసి చూడాలి.

ఒక్క జాగ్రత్త. ఫొటో తయారయ్యిందని మూల ఫైలును చెరిపేయకండి. ఫిట్స్ నుంచి జేపెగ్‌ను ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. జేపెగ్‌లో పోయిన అంకెలు మాత్రం తిరిగి రావు.