చిలికాలో డాల్ఫిన్ సందర్శన పడవ ప్రయాణం

చిలికాలో డాల్ఫిన్ సందర్శన అనగా ఒడిశా రాష్ట్రంలోని చిలికా (చిల్కా) సరస్సులో మరపడవలపై వెళ్ళి, ఇరవాడి డాల్ఫిన్లను వాటి సహజ నివాసంలో చూచే పర్యటన. ఇది ప్రధానంగా పూరీ జిల్లాలోని సాతపడా రేవు నుండి జరుగుతుంది. పూరీ జగన్నాథుని దర్శనానికి వెళ్ళిన యాత్రికులలో చాలామంది ఒక పూట ఈ ప్రయాణానికి కేటాయిస్తారు. సరస్సు తీర గ్రామాలలోని ఎన్నో మత్స్యకార కుటుంబాలకు ఇది జీవనాధారం. అయితే ఏ డాల్ఫిన్లను చూపి ఈ పడవలు నడుస్తున్నవో, ఆ డాల్ఫిన్లకే పడవల వలన ముప్పు కూడ ఉన్నది. అందువలన పడవను నడిపే తీరు ఈ పర్యటనలో ముఖ్యమైన విషయమైనది.

సరస్సు, దాని మొగ

చిలికా బంగాళాఖాతానికి ఆనుకొని పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో వ్యాపించిన ఉప్పునీటి సరస్సు. భారతదేశంలో ఈ తరహా సరస్సులలో ఇది అన్నిటికంటె పెద్దది; ఆంధ్ర, తమిళనాడు సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సుది దీని తరువాతి స్థానం. చిలికా వైశాల్యం ఋతువును బట్టి మారుతుంది. వర్షాకాలంలో దాదాపు 1,165 చదరపు కిలోమీటర్లు ఉండి, వేసవిలో దాదాపు 900 చదరపు కిలోమీటర్లకు తగ్గుతుంది. మహానది పాయలు, పడమటి కొండవాగులు మంచినీటిని తెస్తే, సముద్రపు పోటు ఉప్పునీటిని తెస్తుంది. ఈ రెండు నీళ్ళ కలయిక మీదనే సరస్సులోని జీవరాశి అంతా ఆధారపడి ఉన్నది.

సరస్సును సముద్రంతో కలిపే బాహ్య కాలువ తీరానికి సమాంతరంగా సాగుతుంది. మధ్యలో సన్నని ఇసుక మేట తప్ప సముద్రానికీ దీనికీ అడ్డు లేదు. సముద్రంలో కలిసే చోటు, అనగా మొగ, స్థిరమైనది కాదు. కెరటాలు తెచ్చే ఇసుకతో మూసుకొనిపోవడం, మరొకచోట తెరుచుకోవడం దాని స్వభావం. 1990ల నాటికి మొగ బాగా పూడిపోయి సరస్సులో ఉప్పదనం తగ్గింది, కలుపు మొక్కలు పెరిగినవి. 1981లో రాంసర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన ఈ సరస్సును 1993లో అదే ఒప్పందం కింద ప్రమాదస్థితిలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో (మాంట్రూ రికార్డు) చేర్చవలసి వచ్చినది.

చిలికా అభివృద్ధి ప్రాధికార సంస్థ 2000 సెప్టెంబరు 23న సిపకుడా వద్ద ఇసుక మేటను తవ్వి కొత్త మొగను తెరిచింది. దీనివలన సముద్రానికి నీటిదారి దాదాపు 18 కిలోమీటర్లు తగ్గినది. ఫలితం ఎంత త్వరగా కనబడినదో చేపల దిగుబడి చెబుతుంది: 1999-2000లో సుమారు 1,700 టన్నులుగా ఉన్నది 2001-02 నాటికి 11,900 టన్నులు దాటినది. 2002లో చిలికా మాంట్రూ రికార్డు నుండి తొలగించబడింది. ఆసియాలో ఆ విధంగా తొలగింపు పొందిన మొదటి ప్రదేశం ఇదే. ఆ తరువాత కూడ మొగలు మారుతూనే ఉన్నవి. 2019 మే 3న పూరీ వద్ద తీరం దాటిన ఫణి తుఫాను ఇసుక మేటను తెగగొట్టి కొత్త మొగలను సృష్టించింది.

డాల్ఫిన్ సందర్శనకు మొగతో నేరుగా సంబంధం ఉన్నది. మొగ ద్వారా లోనికి వచ్చే చేపల కొరకు డాల్ఫిన్లు బాహ్య కాలువలోనే ఎక్కువగా తిరుగుతాయి. సాతపడా ఈ కాలువ ఒడ్డున ఉండుట వలననే సందర్శనకు కేంద్రమైనది.

ఇరవాడి డాల్ఫిన్

డాల్ఫిన్ అనగానే పొడవైన ముక్కుతో నీటిపైకి ఎగిరి దూకే జంతువు అందరికీ గుర్తుకువస్తుంది. ఇరవాడి డాల్ఫిన్ (ఓర్కెల్లా బ్రెవిరోస్ట్రిస్) అటువంటిది కాదు. దీని తల గుండ్రంగా, ముందుకు ఉబ్బి ఉంటుంది. ముక్కు వంటి భాగం లేదు. వీపు మధ్యభాగానికి కొంచెం వెనుకగా చిన్న త్రికోణాకారపు రెక్క ఉంటుంది. ఒంటి రంగు బూడిద లేక నీలి బూడిద. పొడవు గరిష్ఠంగా సుమారు 2.75 మీటర్లు. ఇది నెమ్మదిగా ఈదుతుంది, అరుదుగా మాత్రమే ఎగురుతుంది, ఇతర డాల్ఫిన్ల వలె పడవ ముందు కెరటంపై సవారీ చేయదు. సాధారణంగా రెండు మొదలు ఆరు వరకు కలిసి తిరుగుతాయి. శ్వాస కొరకు పైకి వచ్చినపుడు తల, వీపు, రెక్క ఒక్క క్షణం కనబడి మరల మునిగిపోతాయి. అప్పుడప్పుడు నోటితో నీటిని చిమ్ముట ఈ జాతి ప్రత్యేకత.

భారత జాతీయ జలచరంగా 2009లో ప్రకటించబడిన గంగా డాల్ఫిన్‌తో దీనిని పొరబడరాదు. అది పొడవైన ముట్టె గల నదీజాతి. ఇరవాడి డాల్ఫిన్ సముద్రతీరంలోనూ, నదీముఖాలలోనూ, కొన్నిచోట్ల నదులలోనూ జీవిస్తుంది. మయన్మార్‌లోని ఇరావతి, కంబోడియాలోని మెకాంగ్, ఇండోనేషియాలోని మహాకాం నదులలోను, థాయ్‌లాండ్‌లోని సోంగ్‌ఖ్లా సరస్సులోను ఉన్నవి. వీటిలో చాలాచోట్ల సంఖ్య మిక్కిలి తక్కువ. 2017లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఈ జాతిని అంతరించే ప్రమాదమున్న వర్గంలో చేర్చింది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు కింద దీనికి రక్షణ కలదు. చిలికాలో ఇటీవలి సంవత్సరాల గణనలలో 150కి అటూ ఇటూగా లెక్కకు వచ్చినవి.

విశాఖపట్నంతో సంబంధం

ఈ జంతువుకు బర్మా నది పేరు ఉన్నప్పటికీ శాస్త్రలోకానికి మొదట తెలిసినది తెలుగు తీరం నుండి. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన ఒక డాల్ఫిన్ ఆధారంగా ఆంగ్ల శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతిని వర్ణించాడు. ఆయనకు ఆ నమూనాను అందించినది వాల్టర్ ఇలియట్. ఈయన 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారుల కమీషనరు. అమరావతి స్తూపంలో తవ్వకాలు జరిపి శిల్పాలను మద్రాసుకు తరలించినవాడు కూడ ఈయనే. ఆ శిల్పాలకు చాలాకాలం 'ఇలియట్ మార్బుల్స్' అనే పేరు వాడుకలో ఉన్నది. శిల్పాల సంగతి తెలిసినంతగా డాల్ఫిన్ సంగతి తెలుగువారికి తెలియదు. తరువాత ఇరావతి నదిలోని డాల్ఫిన్లను జాన్ ఆండర్సన్ 1871లో వేరొక జాతిగా వర్ణించగా, చివరకు రెండూ ఒకటే అని తేలినది. శాస్త్రీయ నామం విశాఖ నమూనాదే నిలిచినా, వాడుక పేరు మాత్రం నదిదే స్థిరపడింది.

ప్రయాణం

సాతపడా రేవులో స్థానిక పడవ యజమానుల సంఘాల ద్వారా పడవలు లభిస్తాయి. ఇవి ఎక్కువగా పొడవైన, నీడకు పైకప్పు గల నాటుపడవలు. వెనుకవైపు ఇంజనుకు పొడవాటి ఇనుప కడ్డీ, దాని చివర నీటిలో తిరిగే పంకా ఉంటాయి. నీరు లోతు లేని చోట కడ్డీని పైకెత్తి గెడతో నడుపుతారు. ప్రయాణపు గంటలను బట్టి, చూపే ప్రదేశాలను బట్టి రుసుము ఉంటుంది. డాల్ఫిన్లు తిరిగే చోటును, సముద్రపు మొగను, రాజహంస దీవి అనబడే ఇసుక మేటను కలిపి చూచుటకు రెండు మూడు గంటలు పడుతుంది. పడవలో లైఫ్ జాకెట్ తప్పక ధరించవలెను.

అక్టోబరు నుండి మార్చి వరకు అనుకూలమైన కాలం. ఉదయం పూట వెళ్ళుట మేలు. గాలి లేని వేళ నీరు నిశ్చలంగా ఉండి, దూరాన చిన్న రెక్క పైకి లేచినా కనబడుతుంది; మధ్యాహ్నం గాలికి చిరుకెరటాలు లేచిన తరువాత రెక్కకూ అలకూ తేడా తెలియడం కష్టం. చూపును ఒకేచోట నిలుపక నీటి మీద విశాలంగా సారించాలి. డాల్ఫిన్ ఊపిరి వదలిన చప్పుడు చాలాసార్లు అది కనబడక ముందే వినవస్తుంది, కాని ఇంజను ఆగినప్పుడు మాత్రమే. ఒకసారి పైకి వచ్చిన జంతువు సాధారణంగా అర నిమిషం మొదలు రెండున్నర నిమిషాల లోపు మరల వస్తుంది గనుక వేచియుండుటయే సరియైన పద్ధతి. ఫోటో తీయవలెనని కెమెరాలోనే చూస్తూ కూర్చున్నవారికి తరచుగా మిగిలేది నీటి సుడి బొమ్మ మాత్రమే.

దారిలో కర్రలు పాతి కట్టిన వలల వరుసలు, వాటిపై వాలిన నీటికాకులు, రామదాసు గ్రద్దలు కనబడతాయి. ఇసుక మేట మీద ఎర్రపీతలు ఉంటాయి. అక్కడ కొందరు ఆల్చిప్పలు పగులగొట్టి ముత్యాలు చూపి అమ్మజూపుతారు. వీటిని నమ్మి కొనరాదు. చలికాలపు వలస పక్షుల కొరకు వెళ్ళేవారు గమనించవలసినది ఏమనగా, పక్షుల ప్రధాన స్థావరమైన నలబణ దీవి ఈ దారిలో లేదు. అది సరస్సు నడుమ ఉన్నది, 1987 నుండి పక్షుల అభయారణ్యం.

పడవల వలన ముప్పు

బురదనీటిలో డాల్ఫిన్‌కు కన్నుకంటె చెవి ముఖ్యం. అది తాను పంపిన ధ్వని తరంగాల ప్రతిధ్వనిని బట్టి చేపను, దారిని, తోటి డాల్ఫిన్లను గుర్తిస్తుంది. ఇంజన్ల రొద ఈ వినికిడిని చెరుపుతుంది. ఇరుకైన కాలువలో నాలుగైదు పడవలు ఒకే గుంపును చుట్టుముట్టినపుడు డాల్ఫిన్లకు తప్పుకునే చోటు ఉండదు. అవి మేత మాని, ఎక్కువసేపు నీటి అడుగున ఉండిపోతాయి. పంకా తగిలి గాయపడడం, మరణించడం కూడ జరిగినవి. వలలలో చిక్కి ఊపిరాడక చనిపోవడం మరొక ప్రధాన కారణం.

ఆడ డాల్ఫిన్ దాదాపు 14 నెలలు గర్భం మోసి ఒక్క పిల్లనే కంటుంది. పిల్లకూ పిల్లకూ మధ్య రెండు మూడు సంవత్సరాల ఎడం ఉంటుంది. నూటయాభై మాత్రమే ఉన్న చోట ఏడాదికి కొన్ని మరణాలు కూడ తీరని లోటే.

నిజానికి తప్పును పడవ నడిపేవానిపై మాత్రమే మోపుట న్యాయం కాదు. డబ్బు చెల్లించాము గనుక దగ్గరగా చూపవలసిందేనని సందర్శకులు ఒత్తిడి చేస్తారు. చూపలేకపోతే మరునాటి బేరం పోతుందని అతడు పడవను వేగంగా తరుముతాడు. సందర్శకుడే 'దూరంగా ఆపండి' అని చెప్పినపుడు ఈ ఒత్తిడి తొలగిపోతుంది. డాల్ఫిన్లను ఎదురుగా గాని వెనుక నుండి గాని తరుమక పక్కనుండి నెమ్మదిగా సమీపించుట, దూరంలోనే ఇంజనును తగ్గించి లేదా ఆపి వేచియుండుట, గుంపును చీల్చకుండుట, పిల్ల ఉన్నచోటు నుండి వెంటనే తొలగిపోవుట, ఆహారం విసరకుండుట పాటించదగిన పద్ధతులు. న్యూజీలాండ్‌లో 1992 నాటి నిబంధనల ప్రకారం సముద్ర క్షీరదానికి 300 మీటర్ల లోపున ఒకేసారి మూడు నౌకలకు మించి ఉండరాదు. సాతపడా వద్ద పర్యాటకులు కిక్కిరిసిన సెలవు దినాలలో ఇటువంటి పరిమితి అవసరం స్పష్టంగా తెలుస్తుంది.

మత్స్యకారులు, డాల్ఫిన్లు

చిలికాపై ఆధారపడిన మత్స్యకార జనాభా సుమారు రెండు లక్షలు. వీరిలో కేవుటలు, కండరలు మొదలైన ఒడియా కులాలవారితో పాటు, తెలుగు మాతృభాషగా గల నోలియాలు కూడ ఉన్నారు. నోలియాలు ముఖ్యంగా సముద్రం వైపు వేట సాగిస్తారు. పూరీ తీరంలోని మత్స్యకారులలోను వీరు ఎక్కువ.

డాల్ఫిన్లు చేపలను వలలవైపు తరుముతాయని, అవి ఉన్నచోట వేట బాగుంటుందని ఇక్కడివారి నమ్మకం. ఈ నమ్మకం నిరాధారమైనది కాదని, డాల్ఫిన్లు సమీపంలో ఉన్నపుడు కొన్ని వలలలో దిగుబడి మెరుగుగా ఉన్నదని 2014లో వెలువడిన ఒక పరిశోధన సూచించింది. ఈ కారణంగా చిలికాలో డాల్ఫిన్‌ను కావాలని చంపే అలవాటు లేదు. డాల్ఫిన్‌కు, మత్స్యకారునికి ఉమ్మడి నష్టం కలిగించినవి రొయ్యల పెంపకానికి సరస్సును వలలతో, కట్టలతో అడ్డగించిన అక్రమ ఆవరణలు. వీటిని 'ఘేరీలు' అంటారు. కోర్టు ఆదేశాల మేరకు 2017లో వీటిని పెద్దయెత్తున తొలగించిన తరువాత డాల్ఫిన్లు ఇంతకు ముందు కనబడని భాగాలలో కూడ కనబడుతున్నట్లు గణనలలో తేలినది.

చేరుకునే మార్గం

సాతపడా పూరీ నుండి సుమారు 50 కిలోమీటర్లు. బస్సులు, అద్దె కార్లు లభిస్తాయి. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుండి వెళ్ళే తెలుగువారు తరచు ఒక పొరపాటు చేస్తారు. హౌరా-చెన్నై రైలుమార్గం, 16వ నెంబరు జాతీయ రహదారి రెండూ సరస్సు పడమటి ఒడ్డున రంభ, బాలుగాం ఊళ్ళను తాకుతూ పోతాయి గనుక అక్కడే దిగి డాల్ఫిన్ల కొరకు పడవ అడుగుతారు. బాలుగాం, బర్కుల్ రేవులనుండి కాళీజాయి అమ్మవారి దీవికి, రంభ నుండి సమీప దీవులకు పడవలు వెళతాయి. డాల్ఫిన్లు తప్పక ఉండే బాహ్య కాలువ మాత్రం సరస్సుకు ఆవలి అంచున ఉన్నది. కావున డాల్ఫిన్లే ఉద్దేశమైతే ఖుర్దా రోడ్ మీదుగా పూరీ చేరి, అక్కడ రాత్రి బస చేసి, తెల్లవారుజామున బయలుదేరుట అనుకూలం. సాతపడాలో ఒడిశా పర్యాటక అభివృద్ధి సంస్థ వసతి గృహమును, సరస్సు జీవరాశిని వివరించే చిలికా అభివృద్ధి ప్రాధికార సంస్థ సందర్శక కేంద్రమును కలవు. పడవ ఎక్కుటకు ముందు ఈ కేంద్రాన్ని చూచినవారికి నీటిపై క్షణకాలం కనబడే రెక్కను గుర్తుపట్టుట సులభమవుతుంది.